రహదారి మృత్యువు: పల్లెయు పట్టణమును



రోడ్డు ప్రమాదమన్న మాట చెవిని బడగానే మనలో పెక్కుమంది మనస్సున మెదలునది నగరచిత్రమే. నాలుగు వీధులు కలియు కూడలి, ఎర్రదీపము వెలిగినను ఆగక దూసుకొనిపోవు కుర్రవాని మోటారుసైకిలు, బ్రేకు పడక ముందునకు జారిన సిటీబస్సు, క్షణములో మూగు జనము, ఈల నూదుచు పరుగున వచ్చు పోలీసు జవాను: ఇదియే మనకు పరిచితమైన దృశ్యము. మరునాటి పత్రికలో దానికి ఛాయాచిత్రము కూడ ఉండును. కాని జాతీయ రహదారి నానుకొనియున్న ఒక ప్రభుత్వాసుపత్రిలో ముప్పది యేండ్లు శస్త్రవైద్యుడనై పనిచేసి, అర్ధరాత్రివేళల బల్లమీదికి వచ్చిన క్షతగాత్రుల ఊరును పేరును స్వహస్తముతో వ్రాసికొనిన నాకు, ఆ మాట వినబడినప్పుడెల్ల కన్నులయెదుట నిలుచునది వేరొక దృశ్యము. దీపమన్నది లేని నల్లని తారురోడ్డు, ప్రక్కన తుమ్మచెట్టు, దానిక్రింద ఒరిగిపడిన సైకిలు, సైకిలునకు కట్టిన పాలక్యాను మూత యూడి, పాలు రోడ్డుమీదుగా పారి మట్టిలో ఇంకిపోయినవి. మూగుటకు జనము లేరు. ఈల నూదుటకు పోలీసు లేడు. మరునాడు పత్రికలో, అదియు జిల్లా పుటలో, రెండు పంక్తులుండును: గుర్తుతెలియని వాహనము ఢీకొని పాలవ్యాపారి మృతి.

ఈ రెండు దృశ్యములలో దేనికి ఎందరు బలియగుచున్నారు, ఏ కారణమున బలియగుచున్నారు అను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారు ప్రకటించిన లెక్కలను బట్టి 2022వ సంవత్సరమున మన దేశమునందు 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వానిలో 1,68,491 మంది మరణించిరి. సగటున దినమునకు 460 మందికి పైమాట. ఒక దినమున ఇంతమందితో ఒక విమానము కూలినచో దేశమంతయు నివ్వెరపడి నిలిచిపోవును. ప్రతిదినమును కూలుచున్నను మనకు చీమకుట్టినట్లైనను లేకుండుటకు కారణము, ఈ చావు ఒక్కచోట గాక వేయిచోట్ల, ఒకరొకరుగా, ఇద్దరిద్దరుగా సంభవించుటయే. ఈ మృతులలో నూటికి 68 మంది గ్రామీణ ప్రాంతపు రోడ్లపైనను, 32 మంది పట్టణ ప్రాంతపు రోడ్లపైనను ప్రాణములు విడిచిరి.

ఈ యంకెలను వినినంతనే పల్లెరోడ్లే ఎక్కువ ప్రమాదకరములని తీర్పు చెప్పివేయుట న్యాయము కాదు. 2011 జనాభాలెక్కల ప్రకారము మన దేశప్రజలలో నూటికి ఇంచుమించు 69 మంది పల్లెవాసులే. కావున తలకు తల సరిపెట్టి చూచినచో పల్లెవానికి వచ్చిన వాటా వాని సంఖ్యకు తగినట్లే యున్నది, పట్టణవాసి వాటా వాని సంఖ్యకు తగినట్లే యున్నది. ఇంతవరకు చూచి, ఇందులో పల్లెకు ప్రత్యేకముగా వచ్చిన కష్టమేమియు లేదని ఊరట చెందువారు కలరు. కాని తలలను మాత్రము లెక్కించి ఊరుకొనరాదు; బండ్లను కూడ లెక్కింపవలెను. కార్లు, మోటారుసైకిళ్లు, బస్సులు, ఆటోలు క్రిక్కిరిసియుండునది నగరములలో. బండి వెనుక బండి, బండి ప్రక్క బండి నిలిచి, మనుష్యులు గంటలతరబడి రోడ్డుమీదనే ప్రొద్దుపుచ్చునది నగరములలో. ఇన్ని బండ్లు, ఇంత రాకపోకలు గల పట్టణమునకును, గంటకు నాలుగు బండ్లు పోవు పల్లెకును మృత్యువు తలకొక్కటిగా సమముగా పంచిపెట్టబడినదన్నచో, పల్లెరోడ్డుమీద పెట్టు ప్రతి అడుగును పట్టణపు అడుగుకంటె ఎన్నిరెట్లు గండమైయుండవలెనో మీరే యోచింపుడు.

ఇంకొక లెక్క కలదు. నాకు నిజమైన వ్యత్యాసము దానియందే గోచరించినది. పది లక్షలకు మించిన జనాభా గల 50 నగరములను మంత్రిత్వశాఖవారు వేరుగా లెక్కింతురు. మన హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ అందున్నవి. ఆ 50 నగరములలో 2022వ సంవత్సరమున 76,752 ప్రమాదములు, 17,089 మరణములు సంభవించినవి. అనగా ప్రతి నూరు ప్రమాదములకు 22 మంది చనిపోయిరి. ఆ నగరములను తీసివేసి తక్కిన దేశమును, అనగా పల్లెలను, చిన్న పట్టణములను, వానిని కలుపు పొడవాటి రహదారులను, కాగితముమీద లెక్కవేసి చూచితిని: నూరు ప్రమాదములకు 39 మంది. పల్లెలో చిన్నచిన్న దెబ్బలు పోలీసు స్టేషనువరకు పోక, రచ్చబండ దగ్గర పెద్దమనుష్యుల నడుమనే తెమలిపోవును, కావున వ్రాతకెక్కిన ప్రమాదములు తక్కువై ఈ 39 అన్న అంకె కొంత హెచ్చుగా కనబడుచుండవచ్చునని మీరు ఆక్షేపించినచో దానిని నేను కాదనను. ఐనను నగరమునందు ఢీకొనుట ఎక్కువ, పల్లెదారిని ఢీకొనినవాడు బ్రతుకుట తక్కువ అను సత్యము ఆసుపత్రి బల్లప్రక్క నిలిచి చూచినవానికి ఏ లెక్కలును చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక సంగతి. ఈ పల్లె పట్టణ విభాగము ప్రమాదము జరిగిన చోటును బట్టి చేయబడునదే కాని మృతుని స్వస్థలమును బట్టి కాదు. సంక్రాంతిపండుగకు పిల్లాపాపలతో హైదరాబాదునుండి బయలుదేరి, సూర్యాపేట దాటినపిమ్మట తెల్లవారుజామున కునుకుపట్టి, ఆగియున్న లారీని వెనుకనుండి గుద్దుకొనిన కుటుంబము కూడ పల్లె పద్దులోనే చేరును. కావున నేను చెప్పుచున్నది పల్లెవాని గోడు మాత్రమే యని నగరవాసులు చేతులు దులుపుకొనరాదు. ఊరికి పోవు దారి అందరిదియు నొక్కటే.

పల్లెదారి ఇట్లు ఎక్కువ ప్రాణాంతకమగుట మన దేశమునకే పరిమితమైన విశేషము కాదు. 1987వ సంవత్సరమున సుసాన్ బేకర్ అను విదుషి తన సహచరులతో కూడి, అమెరికాదేశమునందలి కౌంటీ లన్నింటిలోను మోటారు ప్రమాదముల మరణములను లెక్కించి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రికయందు ప్రకటించినది. జనసాంద్రత ఎంత పలుచనైన కొలది మరణములు అంత హెచ్చినవి. న్యూయార్కు నగరమునకు నడిబొడ్డైన మన్‌హాటన్‌లో లక్షజనమునకు మృతులు ఇద్దరు ముగ్గురు, సరిగా చెప్పవలెనన్న 2.5, నెవాడా రాష్ట్రమున చదరపు మైలునకు ఒక మనిషియైనను లేని ఎస్మరాల్డా అను ఎడారి కౌంటీలో లక్షకు 558. ఎస్మరాల్డా జనము మిక్కిలి స్వల్పము గనుక ఆ యంకె అంత పెద్దదిగా కనబడుచున్నదని అనుకొందము. అయినను ఇరువదియు ముప్పదియు గాక రెండు వందల రెట్ల అంతరము! బండ్లతో క్రిక్కిరిసిన వీధులు గల చోట ప్రాణము భద్రముగా నుండుట, కనుచూపుమేరలో బండి లేని చోట ప్రాణము పోవుట ఎట్లు?

మొదటి కారణము వేగము. ఇరుకు ఒక విధముగా రక్షణ. నగరపు వీధిలో ఎవడెంత తొందరపడినను, ముందున్న ఆటోవాడు వానిని పరుగెత్తనీయడు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండి గుద్దినప్పటి తాకిడితో పోల్చినచో, 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి తాకిడి రెండురెట్లు గాదు, నాలుగురెట్లు; 90 కిలోమీటర్లైనచో తొమ్మిదిరెట్లు. పాఠశాలలో భౌతికశాస్త్రము చదివిన ప్రతివానికిని ఈ సూత్రము వచ్చును. స్టీరింగు పట్టిన తరువాత జ్ఞాపకముండునది కొందరికే. దీనికి ఒక విచిత్రమైన దృష్టాంతము మన కాలముననే సంభవించినది. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారివలన దేశమంతయు తలుపులు మూసికొనినప్పుడు రోడ్లు నిర్మానుష్యములయ్యెను. నగరపు వీధులుకూడ పల్లెదారులవలె బోసిపోయెను. అంతకుముందటి సంవత్సరము 4,49,002 గా నున్న ప్రమాదములు ఆ యేట 3,66,138 కి దిగినవి. అనగా నూటికి 18 పాళ్లు తగ్గినవి. మరణములు మాత్రము 1,51,113 నుండి 1,31,714 కి, అనగా నూటికి 13 పాళ్లే తగ్గినవి. నూరు ప్రమాదములకు 34 మందికి లోపుగానున్న మృతులు 36 మందికి చేరిరి. రోడ్డు ఖాళీయైనచో గుద్దుకొనువారు తగ్గుదురు, గుద్దుకొనినవారు మిగులరు. వంకరదారులే ప్రాణాంతకములని మనము తలచుచుందుము గాని, 2022లో జరిగిన ప్రమాదములలో మూడింట రెండువంతులు ఏ వంకరయు లేని తిన్నని రోడ్లమీదనే జరిగినవి.

జాతీయ రహదారులు దేశమునందలి మొత్తము రోడ్ల పొడవులో నూటికి రెండుమూడు పాళ్లకు మించవు. ఆ యేటి మృతులలో 61,038 మంది, అనగా నూటికి 36 మంది, ఆ రెండుమూడు పాళ్లమీదనే నేలకొరిగిరి. ఆ రహదారులు పల్లెలమధ్యనుండియే పోవును గదా. మా చిన్ననాట, నేడు 16వ నంబరు జాతీయ రహదారి యని పిలువబడు మద్రాసు కలకత్తా రోడ్డు మా ప్రాంతమున ఊరి నడివీధియే. దానిపై ఎడ్లబండ్లు పోయెడివి, సంతకు పోవు గొర్రెలమంద లడ్డుపడెడివి, లారీవాడు హారను మ్రోగించుచు మంద కదలువరకు వేచియుండెడివాడు. అటుపిమ్మట ఆ వీధి నాలుగు వరుసల మహామార్గమైనది. నడుమ డివైడరు లేచినది. ఊరు ఒకవైపు, పొలము ఒకవైపు, బడి ఒకవైపు, శ్మశానము ఒకవైపు అయినవి. రహదారి నిర్మించినవారికి మదరాసునుండి కలకత్తాకు పోవువాడు కనబడినాడు గాని, ఇంటినుండి చేనికి పోవువాడు కనబడలేదు. నేను తొడ యెముకకు కట్టుకట్టుచు ఒక రైతును మందలించితిని: రాంగ్ రూట్లో ఎందుకు వచ్చితివయ్యా, ప్రాణము తీపిగా లేదా అని. అతడు నొప్పితో పండ్లు బిగించి చెప్పిన సమాధానము నేటికిని మరువలేను. "ఎదురుగా కనపడతా ఉంది డాక్టరుగారూ నా చేను. తిరిగే చోటు రెండు కిలోమీటర్లు అవతల. పోయేదానికి రెండు, వచ్చేదానికి రెండు. రోజుకి నాలుగుసార్లు తిరగాల. పెట్రోలు ఎవరు పోయిస్తారండీ?" చట్టప్రకారము తప్పు అతనిదే. కాని ఆ తప్పు చేయక తప్పని దారిని అతనికి వేసినది మనము.

పాలమూరు ప్రాంతమున, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన పెద్దకుంట అను లంబాడీ తండా కలదు. తండా ఒక ప్రక్క, రేషనునకును పింఛనునకును పోవలసిన ఊరు బైపాసునకు ఆవలిప్రక్క. పని యున్నప్పుడెల్ల ఆ రోడ్డు దాటవలసినదే. దాటబోయి ఒకరివెనుక నొకరుగా ఎందరు మగవారు లారీలక్రిందను కార్లక్రిందను బడి పోయిరనగా, దేశవిదేశముల పత్రికలు దానికి వితంతువుల గ్రామమని పేరుపెట్టి వ్రాసినవి. నగరమునందు ఒకే కూడలిలో అందరు మరణించియుండినచో మూడవవానితోనే వంతెన లేచెడిది, శాసనసభలో ప్రశ్న పుట్టెడిది. తండా వారి చావునకు అంత బిగ్గరగా మాటాడు నోరు లేదు. నా మనస్సునకు మిక్కిలి బాధ కలిగించు సంగతి యిది.

రెండవ కారణము కాలము. ఒకే రాత్రి నా యొద్దకు వచ్చిన ఇద్దరిని గూర్చి చెప్పెదను. ఇద్దరును ముప్పది యేండ్ల లోపువారే. ఇద్దరికిని తొడ యెముక విరిగినది, తలకు చిన్నగాయము. మొదటివాడు మా పట్టణపు బస్టాండు ముందర ఆటో తగిలి పడినాడు. పావుగంటలో మా కాజువాలిటీకి చేరినాడు. రెండవవాడు నలువది కిలోమీటర్ల దూరమున ఒక పల్లెకు వెలుపల ట్రాక్టరు ట్రక్కును వెనుకనుండి గుద్దుకొనినాడు. చీకటిలో ఎవరైన చూచుట కొక యరగంట; చూచినవారు పోలీసులకు వెరచి అటునిటు చూచుచు నిలుచుట కొక పావుగంట; కూరగాయల టాటా ఏస్ బండి నొకదానిని ఆపి, ఇద్దరు కాళ్లును ఇద్దరు చేతులును పట్టి మూటవలె ఎత్తి వెనుక పడవేసి, సమీపపు ఆరోగ్యకేంద్రమునకు తెచ్చిరి. అచ్చట రాత్రి వైద్యుడు లేడు. పెద్దాసుపత్రికి పొండని చీటీ వ్రాసిరి. నా బల్లమీదికి వచ్చునప్పటికి రెండుగంటల నలువది నిమిషములు. తొడ యెముక విరిగినచో లీటరు, లీటరున్నర రక్తము కండలలోనే నిండిపోవును. పైకి చుక్కయైనను కనబడకపోవచ్చును. మనిషి ఒడలిలో ఉండునది ఐదు లీటర్లు. ఎముకను కదలకుండ కట్టి, సెలైను పెట్టి తేవలసినవానిని గతుకులదారిలో కుదుపుచు తెచ్చినందున విరిగినముక్కలు లోపల రక్తనాళములను చీల్చినవి. చేయి పట్టి చూచితిని; మంచువలె చల్లగా నున్నది, నాడి అందలేదు. రక్తనిధినుండి సీసాలు వచ్చులోపలనే కన్నుమూసినాడు. వాని చొక్కా జేబులో మడచిన ఎరువుల రసీదు ఒకటి, బిస్కత్తు పొట్లమొకటి యుండెను. మొదటివాడు మూడుమాసములకు కఱ్ఱ ఊతగొని నడచుచు వచ్చి నాకు నమస్కరించి పోయినాడు. దెబ్బ ఒక్కటే; ఒకనిని బ్రతికించినది పావుగంట, ఒకనిని చంపినది రెండుగంటల నలువది నిమిషములు.

బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ వ్యాపింపజేసిన గోల్డెన్ అవర్ అను మాట నేడు మన శాసనములోకి కూడ వచ్చినది: 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, గాయపడిన తరువాతి మొదటి గంటను ఆ పేరుతోనే నిర్వచించినది. 2005 ఆగష్టు 15వ తేదీన హైదరాబాదున మొదలిడి తెలుగునాట పల్లెపల్లెకు పరిచితమైన 108 బండి ఆ గంటను పల్లెవానికి దక్కించుటకు జరిగిన గొప్ప ప్రయత్నము. దానికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని బండి వచ్చి ఎక్కించుకొని ఎచ్చటికి తీసికొనిపోవలెను? శస్త్రవైద్యుడు, మత్తు ఇచ్చువాడు, రక్తము మూడును రాత్రి రెండుగంటలకు సిద్ధముగా నున్న చోటు ఎంతదూరమున నున్నదో, పల్లెవాని ఆయువు అంతదూరమున నున్నది.

మూడవది చీకటి, దానితో కూడిన మన యలవాట్లు. వరికోతలకాలమున రాత్రివేళ ఏ పల్లెదారినైన పోయిచూడుడు. కళ్లములు లేక రైతులు సగము రోడ్డుమీద వడ్లు ఆరబోయుదురు. చీకటిపడగానే రాశిచేసి నల్లని పరదా కప్పి, గాలికి లేవకుండ చుట్టును బండరాళ్లు పేర్తురు. వంద అడుగుల దూరమునుండి నల్లని తారుమీద నల్లని పరదా కనబడదు. మోటారుసైకిలు ఆ రాతిని తాకుటయే తడవు, నడుపువాడు పల్టీకొట్టి అవతల పడును. చెరకు ట్రక్కునకు, పత్తి ట్రక్కునకు, గడ్డివామి మోయు ట్రక్కునకు వెనుకదీపముండదు. రేడియం స్టిక్కరైనను ఉండదు. మిరపకాయల కాలమున తెల్లవారుజామున బయలుదేరు ఆటోలు మీరెరుగుదురు. నలుగురు కూర్చుండవలసిన చోట పదునలుగురు కూలి స్త్రీలు, అన్నపు క్యారియర్లు ఒడిలో నిడికొని, కాళ్లు బయటికి వ్రేలాడవేసి. అది బోల్తాపడిననాడు ఒక వాడకు వాడ ఏడ్చును. ఇక హెల్మెట్టు. 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు దేశమున 50,029 మంది. పట్టణములో పోలీసునకు వెరచియైన తలకెత్తుకొనువాడు పల్లెపొలిమేర చేరగానే తీసి అద్దమునకు తగిలించును. అడిగినచో, ఇక్కడికే గదండీ, చేనిదాకనే గదా, అనును. నా బల్లమీద చనిపోయినవారిలో ఎందరో "ఇక్కడికే" పోవుచు వచ్చినవారే.

నగరమునకు దుఃఖము లేదని నా యభిప్రాయము కాదు. అచ్చట చచ్చువారిలో కాలినడకన పోవు పేదవారు పెక్కుమంది. ఆ యేట దేశమున 32,825 మంది పాదచారులు వాహనములక్రింద బడి మరణించిరి. నడచుటకు వేసిన పేవుమెంటుమీద బండ్లు నిలిపి, దుకాణములు పరచి, నడచువానిని బండ్లదారిలోకి నెట్టుట నగరము చేయుచున్న అపరాధము. అర్ధరాత్రి దాటి వీధులు ఖాళీయైనప్పుడు, పైవంతెనలమీద కుర్రవాండ్రు పందెములు వేసి పరుగెత్తునప్పుడు, నగరముకూడ వేగవిషయమున పల్లెరహదారియే యగును. ఐనను నగరమునకు సిగ్నలు కలదు, కెమెరా కలదు, పెద్ద ఆసుపత్రి కలదు, ప్రశ్నించు పత్రిక కలదు. పల్లెకు వీనిలో ఒక్కటియు చాలినంత లేదు.

మనచేతిలోనున్న పనులు కొన్ని కలవు. పడినవానిని చూచియు జనము దూరముగా నిలుచుటకు కారణము కాఠిన్యము కాదు, కేసుల భయము. ఆ భయమునకు నేడు ఆధారము లేదు. 2016 మార్చి 30వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, తరువాత మోటారు వాహనముల చట్టములో చేర్చిన 134ఎ అను సెక్షనును, సహాయము చేసినవానిని కాపాడుచున్నవి. క్షతగాత్రుని ఆసుపత్రిలో చేర్చినవాడు తన పేరు చెప్పనక్కరలేదు. సాక్ష్యమునకు రమ్మని అతనిని నిర్బంధింపరాదు. గుర్తుతెలియని వాహనము ఢీకొని మరణించినవాని కుటుంబమునకు చట్టప్రకారము 2 లక్షల రూపాయల పరిహారము కలదు. నేను చూచిన పల్లె కుటుంబములలో ఈ సంగతి తెలిసినది ఒకటిరెంటికే. 2025 మే మాసమునుండి, ప్రమాదములో గాయపడినవానికి 7 దినములవరకు 1.5 లక్షల రూపాయలకు మించకుండ, నియమిత ఆసుపత్రులలో రొక్కము కట్టకయే చికిత్స జరుపు పథకము కేంద్రప్రభుత్వముచే అమలులోనికి వచ్చినది. గ్రామపంచాయతీ కార్యాలయములలో ఈ మూడు సంగతులును పెద్దయక్షరములతో గోడమీద వ్రాయించుటకు సర్పంచులకు ఏ ప్రభుత్వోత్తరువును అక్కరలేదు.

రహదారులు వేయు ఇంజనీరులకు నా మనవి యొక్కటే. పటమును బల్లమీద పరచునప్పుడు, ఆ గీత ఏ యూరిని చీల్చుచున్నదో, బడిపిల్లలు ఎటునుండి ఎటు పోవుదురో, పశువులు ఎచ్చట నీరు త్రాగునో ఆ యూరివారిని పిలిచి అడుగుడు. అండర్‌పాసు కట్టవలసిన చోటు వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. వారు డివైడరు పగులగొట్టిన చోటే అది.

పల్లెలలో ఈ ప్రసంగము వినుచున్న రైతుసోదరులారా, రేడియం స్టిక్కరు ఖరీదు కూలివాని ఒకపూట కూలికంటె తక్కువ. రేపు తెల్లవారగానే మీ ట్రక్కు వెనుకకు పోయి చూడుడు. లేనిచో కోతలు మొదలగు లోపల అంటింపుడు. రోడ్డుమీద వడ్లరాశి యున్నచో ఈ రాత్రియే దానిచుట్టునున్న రాళ్లను తీసివేయుడు.